బాగోగుల లెక్క

పోయిన విద్యా సంవత్సరం మా యూనివర్సిటీలో ఒక అధ్యయనం మొదలైంది. విద్యార్థుల మనసులు ఎలా ఉన్నాయి, మేం పాఠం చెప్పే తీరుకీ వాళ్ళ స్థితికీ ఏమైనా సంబంధం ఉందా, తరగతిలో ‘ఎరుక’ పెంచే అభ్యాసాలు చేయిస్తే మార్పు వస్తుందా – ఇవీ అందులో ప్రశ్నలు. సైకాలజీ, ఎడ్యుకేషన్ శాఖల వాళ్ళు కలిసి చేస్తున్న పని. నేను తెలుగు శాఖలో పాతికేళ్ళుగా పాఠాలు చెప్పుకుంటున్నదాన్ని. నన్నెందుకు పిలిచారంటే ప్రశ్నాపత్రం తెలుగులో ఉండాలి కాబట్టి. ఆడపిల్లల హాస్టల్‌కి వెళ్ళి కాగితాలు నింపించుకు రావడానికి ఒక ఆడ లెక్చరర్ కావాలి కాబట్టి కూడా. ఈ రెండో కారణం ఎవరూ పైకి చెప్పలేదనుకోండి.

ప్రశ్నాపత్రంలో ముఖ్యమైన భాగం ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో తెచ్చిన ఐదు వాక్యాల కొలమానం. చాలా చిన్నది, చాలా దేశాల్లో వాడతారు. గడిచిన రెండు వారాల్లో మనసు ఉల్లాసంగా ఉందా, ప్రశాంతంగా ఉందా, ఒంట్లో చురుకు ఉందా, పొద్దున లేచేసరికి అలసట తీరి ఉందా, రోజులో మనకి ఇష్టమైన పనులేమైనా ఉన్నాయా – ఇంతే. ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు దాకా మనమే వేసుకోవాలి. మొత్తం ఇరవై ఐదు. దాన్ని నాలుగుతో హెచ్చవేస్తే నూటికి ఎంతో తెలుస్తుంది. మరీ తక్కువ వస్తే ఆ మనిషితో కూర్చుని ఇంకాస్త మాట్లాడాలని అర్థం.

నాకు ఈ కొలమానం మీద చిన్నచూపేమీ లేదు. దాని సంగతి తెలిశాక గౌరవమే కలిగింది. నీకేం జబ్బు అని అడగదది. అన్నీ మంచి మాటలే. ఏడుపొస్తోందా, బతకాలని లేదా అని మొదటి లైన్లోనే అడిగితే మన పిల్లలు కాగితం మడిచి పక్కన పెట్టేస్తారు. హాయిగా ఉన్నావా అని అడిగితే కనీసం నవ్వుతారు. ఆ నవ్వు నుంచి మాట మొదలవుతుంది.

చిక్కు శీర్షిక దగ్గరే వచ్చింది. వాళ్ళు తయారుచేసి పంపిన తెలుగు ప్రతి మీద ‘విద్యార్థుల సంక్షేమ సూచిక’ అని ఉంది. అది నాకు నచ్చలేదు గానీ, ముందు పిల్లలకే చూపిద్దామని ఎం.ఏ. మొదటి సంవత్సరం అమ్మాయిలు నలుగురైదుగురికి ఇచ్చాను. ఒకమ్మాయి అటూ ఇటూ తిప్పి చూసి, “మాది సంక్షేమ హాస్టల్ గాదు గద మేడమ్, యూనివర్సిటీ హాస్టల్. ఇది మాకెందుకు?” అంది. అందరం నవ్వుకున్నాం. కానీ ఆ పిల్ల అన్నది నిజం. మన భాషలో సంక్షేమం ఎప్పుడో ఒక ప్రభుత్వ శాఖ పేరైపోయింది. సంక్షేమం అంటే బియ్యం, దుప్పట్లు, ట్రంకు పెట్టె, కాస్మెటిక్ ఛార్జీలు. ఐదో తరగతి నుంచీ ఆ పెట్టెతోనే తిరిగిన పిల్లలు వాళ్ళు. ఆ మాటకి ‘మనసు బాగుండడం’ అనే అర్థం ఉండగలదని వాళ్ళకి తట్టే అవకాశమే లేదు.

పోనీ క్షేమం అందామా? మా అమ్మ రాసే ప్రతి ఉత్తరం మేమంతా ఇక్కడ క్షేమం అనే మొదలయ్యేది. నాన్న మంచంలో ఉన్నా సరే, అప్పులవాడు అరుగు మీద కూర్చుని ఉన్నా సరే. అసలు సంగతి ఉత్తరం చివర, మడత పెట్టే చోట, సందులో ఇరికించి రాసేది. కులాసా అన్నా అంతే. మనవైపు ఆడవాళ్ళని బాగున్నారా అని అడిగితే బాగున్నామనే అంటారు. బాగాలేము అనడం మొగుడి మీదో అత్తగారి మీదో ఫిర్యాదు చేసినట్టవుతుంది.

చివరికి నాకు దొరికిన మాట ‘బాగోగులు’. బాగు ఉంది, ఓగు కూడా ఉంది. ఓగు అంటే చెడ్డ. మంచీ చెడూ రెండూ కలిపి అడగడానికి మన పెద్దవాళ్ళు వాడిన మాట. బాగోగులు అడగడమంటే కష్టం చెప్పుకోవడానికి చోటిచ్చి అడగడం. ప్రాజెక్టు పెద్దాయన కాసేపు ఆలోచించి, మాట కొంచెం ఇంటి మాటలా ఉంది మేడమ్, అన్నారు. అందుకే పెట్టమన్నాను. పెట్టారు.

హాస్టల్ మెస్ హాల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం కాగితాలు పంచాం. మొదటి మూడు వాక్యాలూ నెమ్మదిగానే దాటారు. నాలుగోది, పొద్దున లేచేసరికి అలసట తీరి ఉండడం గురించినది, వచ్చేసరికి బల్లల మధ్య గొణుగుడు, ఆ తర్వాత పెద్దగా నవ్వులు.

“అలసట తీరుడా మేడమ్? నాల్గు గంటలకు లేస్తెనే నీళ్లు దొర్కుతయి.”

“బాత్రూముల కాడ మనుషులం నిలబడం మేడమ్, బకెట్లు నిలబడ్తయి లైన్ల. నా బకెట్ ఎన్క నా దోస్తుది.”

“గిప్పుడు దీనికి ఎన్ని ఎయ్యాలె? నీళ్లొచ్చిన రోజుకో లెక్క, రాని రోజుకో లెక్క ఎయ్యొచ్చా?”

వెయ్యకూడదు. రెండు వారాలకీ కలిపి ఒకే అంకె వెయ్యాలి. ఆ అంకె చూసి ఎక్కడో కూర్చున్న విశ్లేషకుడు ఈ అమ్మాయికి నిద్ర సరిగా పట్టడం లేదు, మనసులో ఆందోళన ఉండొచ్చు అనుకుంటాడు. ఆమెకి నిద్ర బ్రహ్మాండంగా పడుతుంది. పడుకోనిచ్చేదెవరు? అరవై మందికి పనిచేసేవి నాలుగు బాత్రూములైతే, నెలసరి రోజుల్లో చీకటితోనే లేవాలి. ఆ కొలమానంలో కుళాయికి గడి లేదు. ఆ మాటకొస్తే ఉండాలని నేను అననుకూడా. థర్మామీటరు జ్వరం ఎంతుందో చెబుతుంది, దోమ సంగతి చెప్పదు. దోమ సంగతి మనం చూసుకోవాలి. చిక్కేమిటంటే, మా దగ్గర జ్వరం చూడడంతోనే పని అయిపోయిందనుకునే వాళ్ళు ఎక్కువ.

కాగితం పైన కుడి చేతివైపు హాల్ టికెట్ నంబరు రాయమని ఉంది. సెమిస్టరు చివర మళ్ళీ ఇవే ప్రశ్నలు అడుగుతారు కాబట్టి, అప్పటి జవాబునీ ఇప్పటి జవాబునీ కలిపి చూడడానికి నంబరు కావాలన్నారు. వాళ్ళ అవసరం సబబైనదే. కానీ పిల్లలు నంబరు చూడగానే మారిపోయారు. “ఇది ఎవరు చూస్తరు మేడమ్? వార్డెన్ మేడమ్ చూస్తదా? మా సార్ చూస్తడా?” ఇంటర్నల్ మార్కులు వేసే సారు. ఎవరూ చూడరని ఎంత చెప్పినా సరే, చకచకా అన్నిటికీ నాలుగులూ ఐదులూ వేసేసి ఇచ్చారు. కాసేపటి క్రితం బకెట్ల వరస గురించి చెప్పిన పిల్ల నాలుగో వాక్యానికి ఐదు వేసింది. నేను ఆ కట్ట అలాగే పట్టుకెళ్ళి ప్రాజెక్టు వాళ్ళ ముందు పెట్టి, ఇది పనికిరాదని చెప్పాను. నంబరు తీసేసి, మనిషికి మాత్రమే తెలిసే గుర్తు పెట్టించాం – అమ్మ పేరులో మొదటి అక్షరం, తను పుట్టిన తేదీ, తోబుట్టువులెందరో ఆ అంకె. ఇలాంటి పద్ధతి పరిశోధకులకి కొత్తేమీ కాదు. మరి మొదటే ఎందుకు పెట్టలేదంటే, పిల్లలకి మా అంటే భయం ఉంటుందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. రెండోసారి కాగితాలు వేరేగా వచ్చాయి. ఒకటి రెండు ఖాళీ గడుల్లో కన్నీళ్ళ బొమ్మలు కూడా గీశారు.

అమ్మాయిలు యూనివర్సిటీకి వస్తున్నారు, అది చిన్న సంగతి కాదు. కేంద్ర ప్రభుత్వం చేసే ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2021–22లో దేశంలో 4.33 కోట్ల మంది పై చదువుల్లో ఉంటే అందులో 2.07 కోట్ల మంది ఆడవాళ్ళు. దాదాపు సగం. మా శాఖలో అయితే సగం కంటే ఎక్కువే. ఇంటి నుంచి మొదటిసారి బయటికొచ్చిన వాళ్ళు, అమ్మానాన్నా సంతకం పెట్టడం తప్ప రాయని వాళ్ళు, ఇద్దరక్కల పెళ్ళిళ్ళయ్యాక మిగిలిన అప్పులో చదువుతున్న వాళ్ళు. తరగతిలో అడుగు పెట్టేదాకానే ఆ సర్వే లెక్క. లోపలికొచ్చాక ఏమవుతుంది?

ఏడున్నరకి గేటు మూస్తారు. లైబ్రరీ పదింటిదాకా ఉంటుంది. మగపిల్లల హాస్టల్‌కి గేటు ఉంది గానీ తాళం ఎక్కడుందో వాచ్‌మన్‌కి కూడా తెలియదు. ఢిల్లీలో 2015లో అమ్మాయిలు ‘పింజ్రా తోడ్’ అంటూ హాస్టల్ వేళల మీద రోడ్డెక్కినప్పుడు మా స్టాఫ్ రూమ్‌లో చాలామంది ముక్కున వేలేసుకున్నారు. ఆ 2015 నాటి యూజీసీ లైంగిక వేధింపుల నివారణ నిబంధనల్లోనే, భద్రత పేరు చెప్పి మగవాళ్ళకి లేని ఆంక్షలు ఆడపిల్లల హాస్టళ్ళలో పెట్టకూడదని ఉంది. ఆ కాగితం ప్రతి యూనివర్సిటీకీ చేరింది. మా దగ్గర ఏ బీరువాలో ఉందో మరి. గేటు సంగతి ఎత్తితే వార్డెన్ గారు, “రేపేదన్నా అయితే ఎవరు జవాబు చెప్తారు మేడమ్?” అంటారు. ఆవిడ బాధ ఆవిడది. ఏదైనా జరిగితే మొదట మెమో ఇచ్చేది ఆవిడకే.

అధ్యయనంలో రెండో భాగం అభ్యాసాలు. బయటినుంచి ఒక శిక్షకురాలు వారానికోసారి వచ్చి, కళ్ళు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెట్టడం నేర్పించేది. దీని వెనకున్న కథ ఆసక్తికరమైనది. బుద్ధుడు చెప్పిన ఆనాపానసతిని, దానివంటి మరికొన్ని పద్ధతుల్నీ తీసుకుని, మతం పక్కన పెట్టి, 1979లో జాన్ కబాట్ జిన్ అనే ఆయన అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆస్పత్రిలో ఎనిమిది వారాల శిక్షణగా మలిచాడు. దీర్ఘకాలం నొప్పులతో బాధపడే రోగుల కోసం. అక్కణ్ణుంచి బడులకీ, కంపెనీలకీ, సైన్యానికీ పాకింది. నాగార్జునకొండ ఉన్న నేల మీదికి అది ఇంగ్లీషు పేరుతో, సర్టిఫికెట్‌తో తిరిగొచ్చింది. ఇది నా దెప్పిపొడుపు కాదు. కొంచెం దెప్పిపొడుపే.

దీనివల్ల లాభం ఉందా అంటే, పరిశోధనలు ఒక్క గొంతుతో చెప్పడం లేదు. ఇంగ్లండులో కేంబ్రిడ్జి యూనివర్సిటీలో 616 మంది విద్యార్థులతో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. ఎనిమిది వారాలు ఈ శిక్షణ తీసుకున్న వాళ్ళకి పరీక్షల రోజుల్లో మానసిక ఒత్తిడి, తీసుకోని వాళ్ళకంటే తక్కువగా ఉంది. అదే బ్రిటన్‌లో 11 నుంచి 14 ఏళ్ళ బడి పిల్లలు ఎనిమిది వేల మందికి పైగా పాల్గొన్న మరో పెద్ద అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. అక్కడ, మామూలుగా బళ్ళలో చెప్పే పాఠాల కంటే దీనివల్ల అదనంగా మేలేమీ కనపడలేదు. పిల్లల్లో చాలామంది ఇంటి దగ్గర అభ్యాసమే చెయ్యలేదు. కోరి వచ్చిన పెద్ద విద్యార్థులు వేరు, పీరియడ్‌లో కూర్చోబెట్టిన చిన్నపిల్లలు వేరు కదా అనిపించింది నాకు.

మా అమ్మాయిల్లో ఒకామె ఈ అభ్యాసంతో నిజంగానే తెరిపిన పడింది. వైవా అంటే వణికిపోయేది, గొంతు పెగిలేది కాదు. గదిలోకి వెళ్ళే ముందు పది శ్వాసలు లెక్కపెట్టుకుంటున్నానని చెప్పింది. అది తీసిపారేసే సంగతి కాదు. ఇంకొకామె మాత్రం మూడో వారం నుంచి రావడం మానేసింది. ఎందుకమ్మా అంటే, “కండ్లు మూస్తే ఇల్లు యాదికొస్తది మేడమ్. తెరిస్తెనే నయం,” అంది. శిక్షకురాలు మంచి మనిషి. ఆ మాట విని, కళ్ళు తెరుచుకునే చెయ్యొచ్చని చెప్పి పంపింది. కానీ ఆ ఇంట్లో ఏముందో అడగడం ఆవిడ పని కాదు. మరెవరి పని? మాకు పూర్తికాలపు కౌన్సెలర్ లేరు. 2025 జూలైలో సుప్రీం కోర్టు, విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో, వంద మంది గానీ అంతకు మించి గానీ చదివే ప్రతి సంస్థా కనీసం ఒక శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో పెట్టాలని చెప్పింది. మా నోటీసు బోర్డు మీద ఇప్పటికి ‘టెలీ మానస్’ ఫోన్ నంబరు 14416 అంటించి ఉంది. అదైనా మంచిదే, తెలుగులో మాట్లాడతారు. రాసి పెట్టుకోండి.

ఎరుక అనే మాటకి మళ్ళీ వస్తాను. ప్రాజెక్టు వాళ్ళు దాన్ని గ్రంథభాష అనుకుని వాడారు. తెలంగాణ పిల్లలకి అది రోజువారీ మాట. “నాకెరుకనే” అంటారు, “నీకేమెరుక” అని దెప్పుతారు. నాది కృష్ణా జిల్లా, మేం ‘తెలుసు’ అంటాం. శ్వాస మీద ఎరుక అనగానే ఒకమ్మాయి, “శ్వాస సంగతి ఎవలకెరుక లేదు మేడమ్? స్కాలర్‌షిప్ ఎప్పుడొస్తదో గది ఎరుక చెయ్యిన్రి,” అంది. డెబ్బైల్లో, ఎనభైల్లో స్త్రీల ఉద్యమంలో మనం ఎరుక అన్నా, చైతన్యం అన్నా ఉద్దేశం ఇదే. నలుగురు ఆడవాళ్ళు ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నాక, నా ఇంట్లో జరిగేదే నీ ఇంట్లోనూ జరుగుతోందని తెలియడం, అది నా ఖర్మ కాదని తెలియడం. ఒంటరిగా కళ్ళు మూసుకునే ఎరుకకీ, నలుగురిలో కళ్ళు తెరిచే ఎరుకకీ వైరం ఉందని నేననుకోను. కానీ యూనివర్సిటీలు మొదటిదానికి హాలు ఇస్తాయి, మైకు ఇస్తాయి. రెండోదానికి పర్మిషన్ అడగాలి.

మనం పాఠం చెప్పే తీరు సంగతి కూడా ఇందులో ఉంది. 1986లో అమెరికాలో నలుగురు స్త్రీలు – మేరీ బెలెంకీ, బ్లైత్ క్లించీ, నాన్సీ గోల్డ్‌బర్గర్, జిల్ టారూల్ – 135 మంది ఆడవాళ్ళతో పొడుగాటి సంభాషణలు చేసి ఒక పుస్తకం రాశారు. ఆడవాళ్ళు జ్ఞానాన్ని ఎలా చూస్తారు, తమకి తెలుసునన్న నమ్మకం ఎలా వస్తుంది, ఎలా పోతుంది అన్నది విషయం. కాలేజీ విద్యార్థినులతో పాటు, పిల్లల పెంపకంలో సాయం కోసం కేంద్రాలకొచ్చే పేద తల్లులతో కూడా మాట్లాడారు. తమకసలు గొంతే లేదనుకునే వాళ్ళ దశకి ‘నిశ్శబ్దం’ అని పేరు పెట్టారు. పావ్లో ఫ్రెయిరీ విద్యార్థి బుర్రలో జ్ఞానాన్ని డిపాజిట్ చేసే బ్యాంకరు లాంటి పంతులు గురించి చెప్పాడు కదా, దానికి ఎదురుగా వీళ్ళు మంత్రసాని లాంటి టీచర్ని నిలబెట్టారు. విద్యార్థిలోనే ఉన్న ఆలోచనని బయటికి రానివ్వడం, అది ఏడ్చి ఊపిరి పీల్చుకునేదాకా పక్కన ఉండడం ఆమె పని. నాకా పోలిక ఎంత నచ్చిందో చెప్పలేను. ఎం.ఏ. క్లాసులో స్త్రీవాద విమర్శ పాఠంలో భాగంగా చెప్పాను. చెప్పేటప్పుడు గొంతు కొంచెం లేచింది కూడా.

క్లాసంతా తల ఊపింది. వెనక బెంచీలో ఎప్పుడూ మాట్లాడని ఒక పిల్ల లేచింది.

“మా నాయినమ్మ మంత్రసాని మేడమ్. ఊర్లె పెద్దోళ్ల ఇండ్లల్ల అందరికి ఆమెనే పురుడు పోసింది. బొడ్డు కోసి, బిడ్డకు స్నానం పోసినంక ఆమెను మల్ల ఇంట్లకు రానియ్యకపోదురు. వాకిట్లనే చాటల బియ్యం పోద్దురు. గా పిల్లలే పెద్దగయినంక ఆమెను పేరు పెట్టి పిలుద్దురు, ఒసేయ్ అని.”

ఎవరూ మాట్లాడలేదు. ఆ పిల్ల కూర్చోలేదు. ఇంకా చెప్పాల్సింది ఉందని అర్థమై, చెప్పమ్మా అన్నాను. ఆ తర్వాత పది నిమిషాలు ఆ క్లాసు ఆమెది. కష్టమైన కాన్పు రాత్రి నాయనమ్మని ఎడ్లబండిలో ఎట్లా తీసుకుపోయేవారు, తెల్లారాక ఎట్లా నడిచి వచ్చేది, ఏఎన్‌ఎం వచ్చాక ఆ పనీ ఎట్లా పోయింది – అంతా. అమెరికా పుస్తకంలో మంత్రసానికి కులం లేదు. మన ఊళ్ళలో ఉంది. ఈ పోలిక మనవైపు తెచ్చుకోవాలంటే వాకిట్లో చాట కూడా దాంతోపాటు వస్తుంది. ఆ రోజు నోట్సులో ఇది రాసి పెట్టుకున్నాను, ఇప్పుడు ఏటా పాఠంలో భాగంగా చెబుతాను. ఆ పిల్ల సెమినార్ పేపరు కూడా దానిమీదే రాసింది. తన మాట పాఠంలో భాగం కాగలదని తెలిసిన రోజున ఆమెకి ఐదు వాక్యాల కాగితం ఇచ్చి ఉంటే ఎంత వేసేదో అని నాకు కుతూహలం.

ఇక్కడ కులం మాట ఎత్తక తప్పదు. ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పట్ల వివక్ష మీద థొరాట్ కమిటీ నివేదిక 2007లో వచ్చింది. తరగతిలో టీచర్లు చూపే తేడా, హాస్టల్‌లో వేరుపడిపోయిన గదులు అన్నీ అందులో ఉన్నాయి. సమానత్వం కోసం యూజీసీ 2012లో నిబంధనలు చేసింది. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల వెళ్ళిపోయాడు. ఆఖరి ఉత్తరంలో కూడా తనకి రావలసిన ఏడు నెలల ఫెలోషిప్ డబ్బు గురించి రాశాడని గుర్తుందా? జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022 ఒక్క ఏడాదిలో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. 2025 మార్చిలో సుప్రీం కోర్టు ఉన్నత విద్యా సంస్థల్లో ఈ చావుల కారణాలు వెతకడానికి జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన ఒక జాతీయ కార్యదళం వేసింది. ఇవన్నీ ఎదురుగా ఉండగా, మనసు బాగుండడమంటే విద్యార్థి తన లోపల చేసుకోవాల్సిన మరమ్మతు అన్నట్టు మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది.

సెమిస్టరు చివర రెండో విడత కాగితాలు నింపించాం. నెల తర్వాత మీటింగులో ఫలితాలు చూపించారు. సగటు పెరిగింది. మరీ పెద్ద తేడా కాదు గానీ పెరిగింది. చప్పట్లు కొట్టారు. నేను లెక్కల మనిషిని కాను. కానీ మెస్ హాల్లో మొదటిసారి పంచిన కాగితాల కట్టకంటే రెండోసారి కట్ట పల్చగా ఉందని చేత్తో పట్టుకున్నదాన్ని కాబట్టి తెలుసు. తక్కినవాళ్ళేరీ అని అడిగాను. ‘మధ్యలో తప్పుకున్నవారు’ అని ఒక వరస ఉంది పట్టికలో, అడుగున, చిన్న అక్షరాల్లో. అన్ని అధ్యయనాల్లోనూ కొందరు తప్పుకుంటారు, దానికి లెక్కల్లో పద్ధతులు ఉన్నాయి అన్నారు. ఉంటాయి, కాదనను. మా దగ్గర తప్పుకున్నవాళ్ళు ఎవరో నాకు పేర్లతో సహా తెలుసు. ఒకమ్మాయికి పెళ్ళి కుదిరింది. ఒకామె తల్లికి ఆపరేషను. ఇద్దరికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాక, మెస్ బిల్లు కట్టలేక, హాల్ టికెట్ ఆగిపోయి పరీక్షలకి కూర్చోలేదు. బాగా లేనివాళ్ళందరూ వెళ్ళిపోయాక ఉన్నవాళ్ళ సగటు తీస్తే అది పెరక్కేం చేస్తుంది? ఆ మాటే మీటింగులో అన్నాను. సైకాలజీ శాఖ కుర్ర లెక్చరర్ ఒకమ్మాయి వెంటనే లేచి, మేడమ్ చెప్పింది నిజం సార్, మొదటి విడతలో వాళ్ళ కాగితాల అంకెలు వేరే తీసి చూద్దాం, అంది. గుర్తుల సాయంతో తీసింది కూడా. రెండోసారి కనపడని గుర్తుల మొదటి అంకెలు చాలావరకు అడుగునే ఉన్నాయి. నివేదికలో ఇప్పుడు ఆ పేరా ఉంది. పెద్దాయన ఒప్పుకున్నారు, కష్టంగానే అయినా.

దానివల్ల ఒరిగిందేమిటి అంటారా? గేటు వేళ తొమ్మిదయింది. పాడైపోయిన బాత్రూముల్లో రెండు బాగు చేయించారు. మెస్ బాకీకి హాల్ టికెట్ ఆపకూడదని పెట్టిన అర్జీ మాత్రం ఫైలు మీద ఫైలుగా తిరుగుతోంది. స్కాలర్‌షిప్ డబ్బు సర్కారు నుంచి రాకపోతే మెస్ ఎలా నడపాలి అని వాళ్ళ ప్రశ్న. అది కూడా ప్రశ్నే. ఆ బాకీ పడింది సర్కారు, పరీక్ష పోయింది పిల్లకి.

రెండో విడత కాగితాల వెనక అమ్మాయిలు తామే కొన్ని వాక్యాలు చేర్చారు. ఇలా రాయొచ్చా అని ముందు అడిగారు, రాయమన్నాను. గడిచిన రెండు వారాల్లో ఎవరైనా సార్ నన్ను పేరుతో పిలిచారా. నేను తెలుగు మీడియం అని ఎవరైనా నవ్వారా. కడుపు నిండా తిన్నానా. ఇంటికి ఫోన్ చేసినప్పుడు నిజం చెప్పానా. వీటికి అంకెలు వేసే పద్ధతి లేదు, ప్రాజెక్టులో చోటూ లేదు. కాగితాలు పారేయకుండా నా దగ్గరే ఉంచుకున్నాను. ఈ ఏడు మొదటి క్లాసులో కొత్త పిల్లలకి ఇవే ఇచ్చి, మార్కుల్లేకుండా, పేర్లు లేకుండా ఒక పేజీ రాయమంటున్నాను. నలభై పేజీలు చదవడానికి నాకు రెండు రాత్రులు పడుతుంది. నా పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో దాన్నిబట్టి తెలుస్తోంది.

హాల్ టికెట్ ఆగిపోయిన ఇద్దరిలో ఒకామె మొన్న ఫోన్ చేసింది. వెనకాల పత్తి చేలో మాటలు వినపడుతున్నాయి. నీ కాగితంలో ఎంత వేశావమ్మా అప్పుడు, నీకిష్టమైతేనే చెప్పు, అన్నాను. “అన్ని కలిపి ఏడు మేడమ్,” అంది. నాలుగుతో హెచ్చవేస్తే ఇరవై ఎనిమిది. తర్వాత ఆమె అసలు ఫోన్ చేసిన సంగతి అడిగింది: “బ్యాక్‌లాగ్ ఫీజు ఫైన్ లేకుండ ఎన్నో తారీకు దాకున్నది మేడమ్?” నోటీసు బోర్డు దగ్గరికి వెళ్ళి చూసి చెప్పాను. ఇంకా పదకొండు రోజులుంది.